‘చేయగలను’ అని రాస్తే దరఖాస్తు తిరస్కరించారు

ప్రశ్న:

అమ్మా, నమస్కారం. నాకు నలభై దాటాయి. తొమ్మిదేళ్ళుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతంతో బాధపడుతున్నాను. ఒక ఆఫీసులో లెక్కలు చూసేదాన్ని. కిందటి ఏడాది ఇక చేతకాక మానేశాను. పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. గంటన్నర గడిస్తే గాని పిడికిలి ముడుచుకోదు. కొన్ని రోజులు ఇంటి పనంతా నేనే చేసుకుంటాను. కొన్ని రోజులు మంచం దిగలేను. రేపు ఎలా ఉంటానో ఇవాళ చెప్పలేను.

మావారు పోరు పెడితే వైకల్య భృతికి దరఖాస్తు పెట్టాను. ‘రోజువారీ పనులు స్వయంగా చేసుకోగలుగుతున్నారు, వ్యాధి అదుపులో ఉన్నట్టు వైద్య నివేదిక చెబుతోంది’ అని తిరస్కరించారు. వాళ్ళు రాసిందాంట్లో అబద్ధం లేదు. వండగలరా, నడవగలరా, బట్టలు వేసుకోగలరా అని అడిగితే అన్నిటికీ ‘చేయగలను’ అనే రాశాను. చేయలేనని రాస్తే అబద్ధమాడినట్టు అవుతుందని భయపడ్డాను. పైగా మా ఆడపడుచు, ‘చూడటానికి నిక్షేపంలా ఉన్నావు, కాళ్ళూ చేతులూ లేనివాళ్ళకిచ్చే డబ్బు నీకెందుకు?’ అంది. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. నేను మళ్ళీ అడగడం న్యాయమేనా? అడిగితే ఏమని రాయాలి? మేముండే చోట తెలుగువాళ్ళు కొద్దిమందే, ఇట్టే గుర్తుపడతారు. అందుకే ఏ దేశమో రాయడం లేదు.

సమాధానం:

ముందు ఆ తిరస్కరణ ఉత్తరం తీసి దాని మీద తేదీ చూడండి. ఈ సమాధానంలో మిగతాదంతా తర్వాత నింపాదిగా చదువుకోవచ్చు. నిర్ణయాన్ని మళ్ళీ పరిశీలించమని అడగడానికి గడువు ఉంటుంది, అది తరచుగా చిన్నదే. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ భృతి పథకం నిర్ణయం మీదైతే ఉత్తరం అందిన నాటి నుంచి 60 రోజులు. ఇంగ్లండ్‌లో ‘పిప్’ అని పిలిచే భృతికైతే ఒక్క నెల. భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ధ్రువపత్రం ఇచ్చే అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కును 59వ సెక్షన్‌లో ఇచ్చి, గడువు నిర్ణయించే పని రాష్ట్ర ప్రభుత్వాలకు వదిలింది. మీరెక్కడున్నా ఆ ఉత్తరం చివరి పేజీలోనో వెనకవైపో గడువు, పంపాల్సిన చిరునామా ఉండే అవకాశం ఎక్కువ. కనబడకపోతే ఆ కార్యాలయానికి ఫోను చేసి అడగండి, చెప్పినవారి పేరు, ఆ తేదీ రాసిపెట్టుకోండి.

ఆధారాలన్నీ చేతికొచ్చాక పంపుదామని ఆగకండి. ‘ఈ నిర్ణయంతో నేను ఏకీభవించడం లేదు, మళ్ళీ పరిశీలించండి, అదనపు ఆధారాలు త్వరలో పంపుతాను’ అని గడువులోగా పంపి, అందినట్టు రసీదు తీసుకోండి. అది వదిలేసి కొత్తగా దరఖాస్తు పెట్టుకోమని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడవద్దు. చాలాచోట్ల అప్పీలు గెలిస్తే మొదటి దరఖాస్తు తేదీని బట్టే డబ్బు లెక్క కడతారు. కొత్త దరఖాస్తుతో ఆ నెలలు పోతాయి.

ఇక, అడగడం న్యాయమేనా అన్నారు. న్యాయమే. మీ ఆడపడుచుగారు చెప్పిన నిర్వచనం నాకు తెలిసిన ఏ చట్టంలోనూ లేదు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, దీర్ఘకాలం ఉండే శారీరక, మానసిక లోపాలు చుట్టూ ఉన్న అడ్డంకులతో కలిసి మనిషిని నలుగురితో సమానంగా జీవించనివ్వకపోతే ఆ మనిషి వికలాంగుల్లో ఒకరేనని చెప్పింది. కాళ్ళూ చేతులూ ఉన్నాయా లేవా అన్నది అందులో కొలత కాదు. భారతదేశపు 2016 చట్టం కూడా వైకల్యాల జాబితాను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచి, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ వంటి జబ్బుల్ని చేర్చింది. వాళ్ళలో ఎంతోమంది దారిన పోతుంటే ఎవరూ జబ్బు మనుషులని అనుకోరు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ పేరు విడిగా ఆ జాబితాలో లేదు. దానివల్ల కీళ్ళు దెబ్బతిని కదలిక తగ్గితే, ఆ తగ్గుదలను చలన వైకల్యం కింద లెక్కిస్తారు. మీ దేశపు జాబితాలో మీ జబ్బు పేరు కనబడలేదని ఆగిపోకూడదని ఈ సంగతి చెబుతున్నాను. కొన్ని దేశాల్లో ఈ భృతి, ఉద్యోగం చేసినన్నాళ్ళూ జీతంలోంచి కట్టిన బీమా. మీది అలాంటిదే అయితే అడిగేది మీరు కట్టినదాని మీద మీకున్న హక్కు. ప్రభుత్వ నిధులనుంచి ఇచ్చేదైనా అది మీలాంటివారి కోసం పెట్టిందే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు అబద్ధం రాయలేదు. అయితే నిజంలో నాలుగోవంతే రాశారు. ‘వండగలరా?’ అన్న ప్రశ్నకు ‘వండగలను’ అన్నది, మీరు బాగున్న రోజున, మీకు వీలైన వేళలో, మధ్యమధ్య కూర్చుంటూ, మర్నాడు దాని ఫలితం అనుభవిస్తూ వండగలను అని. ఆ చివరి ముక్కలన్నీ మీ మనసులో ఉండిపోయాయి, కాగితం మీదికి ఒక్క మాటే వచ్చింది. చదివే అధికారికి మీ మనసు కనబడదు కదా.

ఇంగ్లండ్‌లో ఈ సంగతికి నిబంధనల్లోనే చోటిచ్చారు. ఒక పని చేయగలరు అనాలంటే దాన్ని క్షేమంగా చేయాలి, సరిగ్గా చేయాలి, అవసరమైనన్నిసార్లు చేయాలి, జబ్బు లేని మనిషికి మామూలుగా పట్టే గరిష్ఠ సమయానికి రెట్టింపు మించకుండా చేయాలి. ఈ నాలుగింటిలో ఒకటి తప్పినా ఆ పని చేయగలరని లెక్క వేయకూడదు. అమెరికాలో పని సామర్థ్యం చూసేటప్పుడు రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఐదు రోజులు నిలకడగా చేయగలరా అన్నది ప్రశ్న. ఒక మధ్యాహ్నం బాగుండటం దానికి జవాబు కాదు. మీ దేశంలో నిబంధనల మాటలు వేరుగా ఉండవచ్చు. అయినా ప్రతి ప్రశ్న దగ్గరా ఈ నాలుగు కొలతలూ పక్కన పెట్టుకుని జవాబు రాయండి. మీ జవాబులో రాకుండా పోయింది అక్కడే తెలుస్తుంది.

బట్టల ప్రశ్ననే తీసుకుందాం. మీరు ‘వేసుకోగలను’ అని వదిలేసిన చోట ఇలా రాయవచ్చు. వివరాలు మీ చేతుల సంగతిని బట్టి మార్చుకోండి:

‘వారంలో నాలుగైదు రోజులు లేచిన గంటన్నర దాకా బొత్తాం పట్టుకోలేను. బొటనవేలు చూపుడువేలిని తాకదు. ఆ రోజుల్లో బొత్తాలు లేనివి తలమీదుగా వేసుకుంటాను. చేతులు భుజాల పైకి లేవకపోతే నా భర్త వేస్తారు. మిగతా రోజుల్లో బొత్తాలు పెట్టుకోగలను గాని పది నిమిషాలు పడుతుంది, జబ్బు రాకముందు నిమిషంలో అయ్యేది. పెట్టుకున్నాక మణికట్టు నొప్పి తగ్గేదాకా మరో పని ముట్టుకోలేను.’

ఇందులో ‘చేయలేను’ అని మొత్తంగా తీసిపారేసిన మాట లేదు. చేయగలిగిన రోజులు కూడా ఉన్నాయి. అబద్ధమవుతుందని భయపడే మనిషి ధైర్యంగా సంతకం పెట్టగల జవాబు ఇది. వారానికి ఎన్ని రోజులు, ఎంతసేపు, ఎవరి సాయంతో, ఆ తర్వాత ఏమవుతుంది అన్నవి ఉంటే చాలు. ‘చాలా కష్టం’, ‘భరించలేని నొప్పి’ అని ఎన్నిసార్లు రాసినా వాటివల్ల అధికారికి తేల్చుకోవడానికి ఏమీ దొరకదు.

మీలాంటివాళ్ళతో కూర్చుని ఈ ఫారాలు నింపించేటప్పుడు నేను పదేపదే గమనించేది ఇంకొకటుంది. దీర్ఘకాలపు జబ్బు మనిషి దగ్గరున్న పనుల్ని కొంచెం కొంచెంగా తీసుకుంటుంది. మొదట బరువు సంచి మోయడం మానేస్తారు. తర్వాత లేసుల బూట్లు. తర్వాత తలారబోసుకోవడం వారంలో ఒక రోజుకు తగ్గుతుంది. తర్వాత బిగుతు మూతలున్న సీసాలు కొనడం మానేస్తారు, చేత్తో రాయడం మానేస్తారు, ఎవరింటికైనా వెళ్ళడం మానేస్తారు. ఏళ్ళు గడిచేసరికి మిగిలిన పనుల్నే మొత్తం అనుకుని, ‘నా పనులన్నీ నేను చేసుకుంటున్నాను’ అని నిజాయితీగా నమ్ముతారు. కాబట్టి దరఖాస్తు ముట్టుకునే ముందు ఒక కాగితం మీద మానేసిన పనులు రాయండి. తొమ్మిదేళ్ళ కిందట మామూలు మంగళవారం ఎలా గడిచేదో తలచుకుని, ఇప్పటి మంగళవారంతో పోల్చి చూడండి. మీవారిని కూడా అడగండి. మీరు మరిచిపోయినవి ఆయనకు గుర్తుంటాయి, ఎందుకంటే వాటిలో కొన్ని ఇప్పుడు ఆయన చేస్తూ ఉండవచ్చు.

రేపు ఎలా ఉంటానో చెప్పలేనన్నారు. అది మీ జబ్బు లక్షణం, దరఖాస్తుకు దాన్ని అడ్డంకి అనుకోకండి. ఈ రోజు నుంచి ఒక డైరీ పెట్టండి. పేజీలు నింపనక్కరలేదు. ఎన్నింటికి లేచారు, వేళ్ళు ఎన్నింటికి వదులయ్యాయి, ఏ పని మొదలుపెట్టి ఆపేశారు, ఎవరు సాయం చేశారు, పగలు ఎంతసేపు పడుకున్నారు అన్నవి రాస్తే సరిపోతుంది. చేతులు లేవని రోజున ఫోనులో రెండు వాక్యాలు మాట్లాడి రికార్డు చేయండి. రాయలేకపోయిన రోజుల్ని ఖాళీగా వదిలేస్తే, మీరు బాగున్న రోజులే డైరీలో మిగులుతాయి. ఈ జబ్బుకు తరచుగా ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు వాడుతుంటే, వారానికోసారి అది వేసుకున్న రోజునా మర్నాడూ వికారం, నీరసం ఎలా ఉంటాయో ప్రత్యేకంగా రాయండి. మందు చేసే ఇబ్బంది కూడా మీ రోజులో భాగమే. బాగున్న రోజుల్ని దాచకండి. నెలరోజులూ మంచంలోనే ఉన్నట్టు రాసిన డైరీని ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. నెలలో ఎన్ని అటు, ఎన్ని ఇటు అని తేలితే అదే మీ బలమైన ఆధారం.

వైద్య నివేదికలో ‘అదుపులో ఉంది’ అన్న మాట మిమ్మల్ని బాగా దెబ్బతీసింది. డాక్టరు మీకు అపకారం తలపెట్టి రాసింది కాదు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షల్లో వాపు సూచికలు పెరగలేదు, ఇప్పుడున్న మందులు మార్చే పని లేదు అని ఆయన ఉద్దేశం. ఇప్పటికే అరిగిన కీలు తిరిగి బాగుపడిందని గాని, అలసట పోయిందని గాని దానర్థం కాదు. రక్తపరీక్ష మామూలుగా వచ్చిన రోజున కూడా సీసా మూత తీయలేకపోవచ్చు. ఈ తేడా వైద్యులకు తెలుసు. భృతి కార్యాలయంలో మీ ఫైలు చదివేవారికి ఎవరైనా విడమరచి చెప్పాలి.

దీంట్లో మన అలవాటు పాత్ర కూడా ఉంది. డాక్టరు ‘ఎలా ఉన్నారు?’ అనగానే ‘పర్వాలేదండీ’ అంటాం. ఆయన దాన్నే ఫైల్లో రాస్తారు. అలా ఏళ్ళ తరబడి పేరుకున్న ‘పర్వాలేదు’లు ఇప్పుడు మీ దరఖాస్తుకు ఎదురు సాక్ష్యం చెబుతున్నాయి. మీ వైద్య రికార్డు నకలు అడిగి తీసుకుని చదవండి. తప్పుగా నమోదైనది కనబడితే సరిచేయమని కోరండి.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒకే ఒక్క పేజీ పట్టుకెళ్ళండి. అందులో డైరీ సారాంశం, మానేసిన పనులు ఉండాలి. అది చూపించి, ‘భృతి ఇవ్వండి’ అని రాయమని అడగవద్దు. ఆ నిర్ణయం ఆయన చేతిలో లేదు. ఏయే కీళ్ళు దెబ్బతిన్నాయి, ఎక్స్‌రేలో కీళ్ళ దగ్గర ఎముక అరుగుదల కనబడిందా, పట్టు బలం ఎంత ఉంది, ఒక్క బిగిన ఎంతసేపు కూర్చోగలరు, ఎంతసేపు టైపు చేయగలరు, నెలలో ఎన్ని రోజులు జబ్బు తిరగబెట్టవచ్చు, ఈ స్థితి ఇంకా ఎంతకాలం ఉంటుందని అంచనా అన్నవి రాయమని అడగండి. చివరిది తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికా చట్టంలోనైతే జబ్బు కనీసం 12 నెలలు ఉంటుందని తేలాలి. కీళ్ళవాతం రోగుల కోసం 1980లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన ఒక ప్రశ్నావళి ఉంది, ‘హాక్’ అంటారు. బట్టలు వేసుకోవడం, లేవడం, తినడం, నడవడం, శుభ్రత, అందుకోవడం, పట్టు, బయటి పనులు అనే ఎనిమిది విభాగాల్లో ఇరవై ప్రశ్నలు, సున్నా నుంచి మూడు దాకా మార్కు. కీళ్ళవాతం చూసే డాక్టర్లకు (రుమటాలజిస్టులకు) ఇది బాగా తెలిసినదే. అది చేసి ఫలితాన్ని నివేదికలో కలపమనండి. మీరు మాటల్లో చెప్పేది అక్కడ అంకెగా కనబడుతుంది. రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే నిపుణులు, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు చేత, చేతుల పనితీరు పరీక్ష చేయించుకునే వీలుంటే అదీ చేయించండి. భారతదేశంలో లాగా కీళ్ళ కదలికను, కండరాల బలాన్ని కొలిచి శాతం వేసే పద్ధతి మీ దగ్గర ఉంటే, మీ రాతకోతల కంటే ఈ పరీక్షలకే విలువ ఎక్కువ.

మీ పాత ఉద్యోగం గురించి దరఖాస్తులో ఏం రాశారో మీ ఉత్తరంలో లేదు. ‘అకౌంటెంట్’ అని ఒక్క మాట రాసి ఉంటే, చదివినవారు అది కుర్చీలో కూర్చుని చేసే తేలిక పని అనుకుంటారు. రోజుకు ఎన్ని గంటలు కీబోర్డు మీద ఉండేవారు, నెలాఖరున ఎంతసేపు ఉండాల్సి వచ్చేది, చివరి ఏడాది ఎన్ని సెలవులు పెట్టారు, అలసట వల్ల లెక్కల్లో తప్పులు దొర్లాయా, పని తగ్గించారా అన్నవి చెప్పండి. సెలవుల రికార్డు, పై అధికారి ఇచ్చే చిన్న లేఖ దొరికితే జతచేయండి.

ఇంత పొడవు ఫారం మీ చేతులతో నింపలేరు, నింపవద్దు. మీరు చెబుతుంటే మరొకరు రాయవచ్చు. అలా రాయిస్తే, ‘నా చేతులు పెన్ను పట్టలేనందువల్ల నేను చెప్పగా ఫలానావారు రాశారు’ అని అందులోనే స్పష్టం చేయండి. ఎన్ని విడతల్లో నింపారో, మధ్యలో ఎందుకు ఆపారో కూడా రాయండి. అది కూడా ఆధారమే. డబ్బిస్తే భృతి ఇప్పిస్తామనే మధ్యవర్తుల జోలికి పోవద్దు. ఉచిత న్యాయ సహాయ కేంద్రాలు, రోగుల సంఘాలు చాలాచోట్ల ఉన్నాయి, వాటిని అడగండి.

పరీక్షకు పిలిస్తే, ఆ రోజు మీరు బాగుండటమే జరగవచ్చు. అందులో తప్పేమీ లేదు. మందు మానేసి వెళ్ళడం, లేని కుంటు నడక తెచ్చుకోవడం వంటివి చేయమని ఎవరైనా చెబితే వినకండి. ఒంటికీ చేటు, కేసుకూ చేటు. ‘ఈ రోజు బాగుంది, నెలలో ఇలాంటివి ఇన్నే ఉంటాయి, ఇక్కడికి రావడానికి నిన్నంతా పడుకుని ఉన్నాను, పొద్దున నొప్పి మాత్ర వేసుకున్నాను, రేపు లేవలేకపోవచ్చు’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చేయి పైకెత్తమంటే మర్యాద కోసం పళ్ళ బిగువున ఎత్తవద్దు. నొప్పి ఎక్కడ మొదలైందో అక్కడ ఆపి ఆ మాట చెప్పండి. లోపలికి నడిచి రావడం, కుర్చీలోంచి లేవడం, సంచి పట్టుకోవడం కూడా గమనించి రాసుకుంటారు. కాబట్టి మామూలుగా ఇంట్లో ఎలా ఉంటారో అక్కడా అలాగే ఉండండి. మీవారిని వెంట తీసుకెళ్ళండి. పలకరింపుగా ‘బాగున్నారా?’ అంటే అలవాటు కొద్దీ ‘బాగున్నాను’ అనేస్తారు, ఆయన పక్కనుంటే గుర్తుచేస్తారు.

మీ ఆడపడుచుగారికి ఇవన్నీ వివరించాలని ప్రయత్నించకండి. నమ్మించాల్సినది ఆమెను కాదు. ఉన్న కాస్త శక్తి అప్పీలు మీద పెట్టండి. ఆమెకు సమాధానం చెప్పాల్సి వస్తే మీవారు చెబుతారు, అది ఆయన తోబుట్టువుతో ఆయన మాట్లాడుకోవలసిన సంగతి.

మీవారి చేత మరో పని చేయించండి. దరఖాస్తుతో పాటు పెట్టడానికి ఆయన విడిగా ఒక ఉత్తరం రాయాలి. మీరు ఎంత మంచివారో, ఎంత సహనం గలవారో అందులో అక్కరలేదు. పొద్దున లేచింది మొదలు ఆయన మీకోసం ఏమేం చేస్తారు, ఆఫీసుకు ఎన్నిసార్లు ఆలస్యంగా వెళ్ళారు, రాత్రి మీరు ఆయన్ని ఎన్నిసార్లు లేపుతారు, స్నానాల గదిలోంచి పిలిస్తే ఏం జరిగింది అన్నవి, తాను కళ్ళారా చూసినవి మాత్రమే, తేదీలు గుర్తుంటే తేదీలతో రాయమనండి. రాసింది మీకు చూపిస్తే, ‘ఇంత రాయాలా’ అనిపించి కొట్టివేయాలనిపిస్తుంది. కొట్టివేయవద్దు. వాస్తవం పొరపాటుగా ఉంటేనే చెప్పండి, లేకపోతే సంతకం చేయించి కవరులో పెట్టేయండి.